చిత్రకోట్ పక్కనే ఐదు రాత్రులా? వద్దండీ, ఒక్క రాత్రి చాలు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు కలిసి కూకట్‌పల్లి నుంచి సొంత కారులో దసరా సెలవుల్లో బయల్దేరతారు. ఛత్తీస్‌గఢ్‌లోని చిత్రకోట్ జలపాతం కనిపించే గదిలో ఐదు రాత్రులూ ఉండి, అక్కడి నుంచే కాంగేర్ లోయ నేషనల్ పార్క్ కూడా చూసి రావాలని మీ ఆలోచన. కుదురుతుందా, గది ఇప్పుడే బుక్ చేసేయమంటారా అని అడిగారు.

కుదరదని కాదు గానీ, అలా చేయకండి. చిత్రకోట్‌లో ఒక్క రాత్రి, దానికి దగ్గర్లోని పట్టణం జగదల్‌పూర్‌లో రెండు, పోతూ వస్తూ భద్రాచలంలో చెరొకటి. ఐదు రాత్రులకి నా లెక్క ఇది. ఇంకో మాట. పార్కు కూడా ముఖ్యమనుకుంటే దసరాకి కాకుండా సంక్రాంతి సెలవులకి పెట్టుకోండి. గది సంగతి తర్వాత, ముందు తేదీ ఖాయం చేసుకోండి.

నేను నాచారంలో ఉంటాను. బ్యాంకు నుంచి రిటైరయ్యాక మా కాలనీ వాళ్లనీ చుట్టాలనీ వెంటేసుకుని తిరగడం అలవాటైంది. జగదల్‌పూర్ చుట్టూ ఉన్న బస్తర్ ప్రాంతానికి ఆరుసార్లు వెళ్లాను. మొదటిసారి సరిగ్గా మీలాగే ఆలోచించి దెబ్బ తిన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

దూరాల సంగతి. మ్యాప్‌లో చిత్రకోట్, కాంగేర్ లోయ రెండూ జగదల్‌పూర్ పక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. నిజమే, రెండూ ఊరికి నలభై కి.మీ. లోపే. కానీ చిత్రకోట్ ఒక వైపు, పార్కు ఇంకో వైపు. చిత్రకోట్‌లో మకాం పెట్టి పార్కుకి వెళ్లాలంటే ఊరి మీదుగా డెబ్బై ఐదు కి.మీ. పోవాలి, సాయంత్రం మళ్లీ అంతా రావాలి. నాలుగేళ్ల పాప రోజుకి మూడున్నర, నాలుగు గంటలు కారులోనే కూర్చుంటుంది. మొదటి ట్రిప్పులో మా మనవరాలు రెండో రోజుకే సీటు బెల్టు చూస్తే ఏడవడం మొదలెట్టింది. జగదల్‌పూర్‌లో ఉంటే ఎటు వెళ్లాలన్నా గంటలోపు పని. పైగా ఊళ్లో మందుల షాపు, ఆస్పత్రి, పిల్లలకి పెరుగన్నం దొరికే హోటలు అన్నీ ఉంటాయి.

ఇంకో లాభం చాలామందికి తట్టదు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా వెళ్తే జగదల్‌పూర్ దగ్గర దగ్గర 550 కి.మీ. సుక్మా దాటి జగదల్‌పూర్ వైపు వెళ్లేటప్పుడు కాంగేర్ లోయ దారిలోనే తగులుతుంది. తీరథ్‌గఢ్ జలపాతానికి తిరిగే మలుపు కూడా అదే రోడ్డు మీద. అంటే ఊరు చేరకముందే ఒక జలపాతం చూసేయొచ్చు. భద్రాచలంలో రాత్రి ఆగి, పొద్దున ఆరింటికి బండి తీస్తే మధ్యాహ్నానికి తీరథ్‌గఢ్ దగ్గర ఉంటారు. అమ్మగారికి రాములవారి దర్శనం కూడా అయిపోతుంది. ఒకే పూటలో తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ మూడూ దాటుతున్నామని బాబుకి చెప్పండి, బోర్డులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

ఇప్పుడు ఆ ఒక్క రాత్రి గురించి. చిత్రకోట్‌లో ఇంద్రావతి నది గుర్రపు లాడం ఆకారంలో ఉన్న బండ మీంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఎత్తు 29 మీటర్లే. వెడల్పే దాని గొప్ప. వానాకాలంలో 300 మీటర్ల దాకా పరుచుకుంటుంది. దీన్ని పగలు పదకొండింటికి వచ్చి ఫోటో దిగి పోయేవాళ్లే ఎక్కువ. ఆ టైములో ఎండ, జనం, మొక్కజొన్న కంకుల పొగ తప్ప ఏమీ మిగలదు. అక్కడ రాత్రి ఉండి తెల్లారి ఐదున్నరకి లేస్తే వేరే లోకం. మొన్నటి జనవరిలో నేనొక్కడినే కిందికి దిగాను. నీటి తుంపర మంచులో కలిసిపోయి అవతలి ఒడ్డు కనిపించడం లేదు. ఒకతను సన్నటి పడవలో నిలబడి వల విదిలిస్తున్నాడు, వల నీళ్లని తాకిన చప్పుడు మాత్రం హోరులో వినిపించదు. ఎండ పొడ పడగానే తుంపరలో ఇంద్రధనుస్సు, అదీ ఒకటి కింద ఒకటి రెండు. పావుగంటలో చెరిగిపోయింది. దీనికోసం ఒక రాత్రి ఉండాలి. మరి రెండో రాత్రి ఎందుకు వద్దంటున్నానంటే, సాయంత్రం చూశాక, పొద్దున చూశాక అక్కడ పిల్లలకి చేయడానికి ఇంకేమీ లేదు.

గది విషయానికి వస్తే, ఛత్తీస్‌గఢ్ టూరిజం వాళ్ల దండామి రిసార్టు నది ఒడ్డునే ఉంటుంది. వాళ్ల సైట్‌లోనే బుక్ చేసుకోవచ్చు. సెలవు రోజుల్లో త్వరగా నిండిపోతుంది. అది దొరకకపోతే చుట్టుపక్కల చిన్నవి ఉన్నాయి. ఎక్కడ తీసుకున్నా సరే, జలపాతం కనిపిస్తుందా అని అడగకండి. ఎవరినడిగినా కనిపిస్తుందనే చెబుతారు. మీకు ఇచ్చే గది తలుపు తీసి, లోపలి నుంచి బయటికి ఒక నిమిషం ఆపకుండా వీడియో తీసి పంపమనండి. మొదటిసారి నేను ఎక్కువ డబ్బు కట్టి 'వాటర్‌ఫాల్ వ్యూ' గది తీసుకున్నాను. బాల్కనీలోకి వెళ్తే ఎదురుగా ఒక ఇప్పచెట్టు, దాని వెనక ఇంకో గది గోడ. మేనేజర్ని పిలిస్తే, "సార్, శబ్దం బాగా వినిపిస్తుంది కదా" అన్నాడు. అదైతే నిజమే, బాగా వినిపించింది. ఆగస్టు నెల అది. రాత్రంతా నెత్తి మీంచి గూడ్సు బండి పోతున్నట్టే ఉంది. మా వియ్యపురాలు తెల్లారేదాకా కూర్చునే ఉన్నారు. మీ అమ్మగారికి నిద్ర సరిగా పట్టదంటే కాస్త వెనక వరసలో గది అడగడమే మంచిది.

ఇంకా అడగాల్సినవి: కింది అంతస్తు గదేనా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఎన్ని గంటలు నడుపుతారు, రాత్రి భోజనానికి ఎన్నింటిలోపు చెప్పాలి. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, తొమ్మిదింటికి పిల్లలు ఆకలంటే అక్కడ వీధిలో ఏమీ దొరకదు. చలికాలమైతే వేడినీళ్ల సంగతి తప్పకుండా కనుక్కోండి. జనవరిలో అక్కడి చలి మన హైదరాబాద్ చలి లాంటిది కాదు, స్వెటర్‌తో పాటు మంకీ క్యాప్ కూడా పట్టుకెళ్లండి.

దసరా ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. అక్టోబరులో నీళ్ల పరంగా ఏ లోటూ ఉండదు. ఇంద్రావతి నిండుగా ఉంటుంది, రంగు కొంచెం ఎర్రగా ఉన్నా చూడముచ్చటగానే ఉంటుంది. చిత్రకోట్ దగ్గర్లో ఉన్న మేంద్రీ ఘూమర్ లాంటి చిన్న జలపాతాలు కూడా అప్పుడే బతికి ఉంటాయి, చలికాలానికి వాటిలో ఏమీ మిగలదు. కానీ పార్కులోని కుటుంసర్ గుహ వానాకాలంలో మూసేస్తారు. లోపలికి నీళ్లు వస్తాయి. మామూలుగా మళ్లీ తెరిచేది నవంబరు ప్రాంతంలోనే. పార్కు లోపలి మట్టిదారులూ అంతే. నేషనల్ పార్క్ కోసమని అంత దూరం పోయి, గేటు దగ్గర తాళం చూసి వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు.

రెండో కారణం బస్తర్ దసరా. 75 రోజుల పండగ అది. రావణుణ్ణి కాల్చడం ఉండదు. దంతేశ్వరి అమ్మవారి పండగ. పెద్ద చెక్క రథం చేసి ఊళ్లో లాగుతారు, చివరి పది రోజులకి చుట్టుపక్కల ఊళ్ల దేవతలందరూ జగదల్‌పూర్ చేరతారు. మనవాళ్లకి దీంతో చుట్టరికం ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అటు వెళ్లి బస్తర్ రాజ్యం స్థాపించాడని చెబుతారు. ఆ వంశం వాళ్లు మొన్నమొన్నటి దాకా కాకతీయులమనే చెప్పుకున్నారు. పండగ కోసమే వెళ్తే అంతకంటే గొప్ప సమయం లేదు. కానీ నాలుగేళ్ల పాపతో, నడవలేని అమ్మగారితో ఆ జనంలో తిరగలేరు. ఊళ్లో గదులు కూడా ముందే నిండిపోయి, మిగిలినవి రేట్లు పెంచేస్తారు. నాకైతే ఆ పండగ ఒంటరిగా వెళ్లి చూడాల్సింది అనిపిస్తుంది, కుటుంబంతో కాదు.

జనవరిలో చిత్రకోట్ నీళ్లు తగ్గి, ఒకే తెరలా కాకుండా పాయలు పాయలుగా పడతాయి. 'ఇంతేనా' అనుకునేవాళ్లు ఉంటారు. కానీ నీళ్లు తెల్లగా, తేటగా ఉంటాయి, కింద పడవలు తిరుగుతాయి. పడవవాడు ధార దగ్గరికంటా తీసుకెళ్తాడు. మీ బాబు జన్మలో మర్చిపోడు. లైఫ్ జాకెట్ వేయకుండా మాత్రం ఎక్కనివ్వకండి, లేదంటే గట్టిగా అడిగి తెప్పించండి. ఏప్రిల్, మేలలో మాత్రం అసలు వెళ్లొద్దు. ఎగువన ఒడిశాలో నీళ్లు చాలావరకు జోరా నాలా అనే వాగు వైపు మళ్లిపోతాయి, ఎండాకాలం ఇంద్రావతిలో బండలే కనిపిస్తాయి.

సంక్రాంతికి ఒకే ఒక తలనొప్పి మన దగ్గరే ఉంది. భోగికి ముందు రోజు బయల్దేరారా, పంతంగి టోల్ గేటు దగ్గరే సగం రోజు పోతుంది. రెండు రోజుల ముందు, తెల్లవారుజామున నాలుగింటికి బండి తీయండి. లేదా బాబుకి మూడు రోజులు బడి మానిపించి నవంబరు చివర్లో వెళ్లండి. మూడో తరగతి పిల్లాడికి కొంపేం మునగదు. నిజానికి గుహలు తెరిచి, నీళ్లు ఇంకా బాగా ఉండే టైము అదే.

పార్కు గురించి మీ ఆశ కొంచెం సరిచేయాలి. పులిని చూద్దామనుకుంటే నిరాశపడతారు. కాంగేర్ లోయ అలాంటి పార్కు కాదు. 1982లో నేషనల్ పార్క్ అయింది, విస్తీర్ణం 200 చ.కి.మీ. ఇక్కడ చూడాల్సినవి అడవి, గుహలు, నీళ్లు, పిట్టలు. మాటలు అనుకరించే కొండ మైనా ఇక్కడిదే, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. మనం ఊళ్లో చూసే గోరింక కంటే నల్లగా నిగనిగలాడుతూ, మెడ వెనక పసుపు పట్టీతో ఉంటుంది. పొద్దున్నే వెళ్తేనే కనిపిస్తుంది. 2025లో ఈ పార్కు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. మన నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు చేరింది కూడా అదే విడతలో.

కుటుంసర్ గుహకి గేటు దగ్గర జిప్సీ జీపు మాట్లాడుకుని, గైడ్‌ని తీసుకుని వెళ్లాలి. దిగే దారి ఇరుకు. ఒకచోట ఒంటిని పక్కకి తిప్పుకుని దూరాలి. ఇనప మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి. లోపల గాలి బరువుగా, ఉక్కగా ఉంటుంది. అమ్మగారికి వద్దు, పాపకీ వద్దు. ఆస్తమా, బీపీ ఉన్నవాళ్లు కూడా పైనే ఉండిపోవడం మేలు. మీరూ బాబూ వెళ్లిరండి. కింద నీటి గుంటల్లో కళ్లు కనిపించని చేపలు ఉంటాయి, తరతరాలుగా చీకట్లోనే బతికి చూపు పోగొట్టుకున్నాయి. వేలెడంత ఉంటాయి, పాలిపోయిన రంగు. లోపల ఒకచోట గైడ్ "అందరూ లైట్లు ఆపేయండి" అంటాడు. చెయ్యి కళ్ల ముందు పెట్టుకున్నా కనిపించదు. మా గుంపులో పదేళ్ల పిల్లాడు అక్కడ ఒక్కసారిగా కేక పెట్టి నా చొక్కా పట్టుకున్నాడు. బటన్ ఊడొచ్చింది. మీవాడికి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక తీరథ్‌గఢ్. చిత్రకోట్ ఒక్క దూకు దూకితే, ఇది మెట్లు మెట్లుగా జారుతుంది. దాదాపు 300 అడుగులు. పైనుంచి చూస్తే సగమే కనిపిస్తుంది, మొత్తం చూడాలంటే రెండు వందల పైచిలుకు మెట్లు దిగాలి. దిగడం అందరూ దిగుతారు. మా వెంట వచ్చిన ఒక పెద్దాయన "తిరుమల మెట్లెక్కినోణ్ణి, ఇదొక లెక్కా" అని దిగారు. పైకి రావడానికి గంటన్నర పట్టింది, ఆ రోజు భోజనం నాలుగింటికి. అమ్మగారిని పైన చెట్టు కింద కూర్చోబెట్టండి, తోడుగా ఒకరుండండి. కోతులు విపరీతం. చేతిలో అరటిపండ్లు, చిప్స్ ప్యాకెట్లు కనపడకూడదు. కళ్లజోడు కూడా లాక్కుపోతాయి.

తీరథ్‌గఢ్ నీళ్లు కాంగేర్ నదిలో, అక్కడి నుంచి శబరి నదిలో కలిసి కూనవరం దగ్గర గోదావరి చేరతాయి. చిత్రకోట్ నీళ్లు ఇంద్రావతిగా వేరే దారిన వచ్చి అదే గోదావరిలో కలుస్తాయి. తిరుగు ప్రయాణంలో భద్రాచలం వంతెన మీద ఆగినప్పుడు నేను చిత్రకోట్ నీళ్లు ఇటే వస్తాయని చెబితే మా మనవరాలు కిందికి చూసి, "అయితే మనకంటే ముందే వచ్చేశాయా?" అంది.

భయం సంగతి అడగలేదు గానీ, ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఆ రోడ్డు మీదే, దర్భా దగ్గర ఝీరం ఘాట్‌లో 2013 మేలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద మావోయిస్టుల దాడి జరిగింది. నెట్‌లో వెతికితే ముందు అదే వస్తుంది. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. టూరిస్టుల కార్లు రోజూ తిరుగుతున్నాయి, దారి పొడవునా భద్రతా దళాల క్యాంపులున్నాయి. ఆరుసార్లలో నన్ను ఆపింది చెక్‌పోస్టుల్లోనే, ఆధార్ చూసి పంపేశారు. అయినా నా నియమాలు మార్చుకోను. చింతూరు, జగదల్‌పూర్ మధ్య పొద్దు పోయాక బండి నడపను. మెయిన్ రోడ్డు వదిలి తెలియని అడ్డదారుల్లోకి పోను. క్యాంపుల దగ్గర ఫోన్ బయటికి తీయను. భద్రాచలంలోనే ట్యాంకు నింపుకుంటాను, మధ్యలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటాను. నోట్లు కూడా దగ్గర పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట యూపీఐ పని చేయదు. జులై, ఆగస్టులలో అయితే శబరి వెనక్కి పొంగి చింతూరు వైపు రోడ్డు మునిగిపోవడం కూడా మామూలే.

వరంగల్, ఏటూరునాగారం, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ మీదుగా ఇంకో దారి ఉంది. అడవి బాగుంటుంది. పిల్లలతో మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి మీకు చెప్పను. కారు వద్దనుకుంటే జగదల్‌పూర్‌కి రాత్రి స్లీపర్ బస్సులు ఉన్నాయి, చిన్న విమానం నడుస్తోందేమో కనుక్కోండి. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ రైలు చాలా అందమైన ప్రయాణం గానీ, హైదరాబాద్ నుంచి చుట్టు తిరుగుడు.

తిండి విషయంలో ఇబ్బంది లేదు. జగదల్‌పూర్‌లో ఇడ్లీ, దోసె దొరుకుతాయి, షాపుల్లో తెలుగు మాట్లాడేవాళ్లూ తగులుతారు. సంత జరిగే రోజు ఏ ఊళ్లోనో హోటల్‌లో కనుక్కుని ఒక గంట తిరగండి. ఎర్రచీమలతో నూరిన చాప్డా పచ్చడి ఆకు దొన్నెలో పెట్టి అమ్ముతారు. నిమ్మకాయ పిండినట్టు పుల్లగా, వెనకనించి మంటగా ఉంటుంది. నేను తిన్నాను, మా ఆవిడ ఆ రోజంతా నా పక్కన కూర్చోలేదు.

చివరిగా చిత్రకోట్ అంచు గురించి. పైన బండ మీద నీటికి దగ్గరగా నడవనిస్తారు, అడ్డుగోడ అన్నిచోట్లా ఉండదు. పాచి పట్టిన రాయి పొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. సెల్ఫీ కోసం వెనక్కి ఒక్కడుగు వేసి జారిపడ్డవాళ్లని చూశాను, అదృష్టం బాగుండి నీటి వైపు పడలేదు. అక్కడున్నంత సేపు పాప చెయ్యి మీ చేతిలో ఉండాలి, ఫోటోలు మీ ఆవిడ తీస్తారు.